ఉద్యోగం పోయిన వారంలో



పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ పనిచేయదు. సొంత మెయిలుకి ఒక ఉత్తరం వచ్చి ఉంటుంది. ఇన్నాళ్ల మీ సేవలకు కృతజ్ఞతలు, మీ పోస్టు తీసేశాం, ఫలానా తేదీ దాకా జీతం, ఫలానా తేదీ దాకా ఇన్సూరెన్సు అని అందులో నాలుగు ముక్కలు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, ఆ తర్వాతి జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, గూగుల్ 12,000 మందిని తీసేస్తామని ప్రకటించాయి. అప్పటినుంచీ అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో ఇలాంటి పొద్దులు మామూలైపోయాయి. ఎడిసన్‌లో గానీ, ఫ్రిస్కోలో గానీ, ఫ్రీమాంట్‌లో గానీ ఏ సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా, ప్రసాదం చేతిలో పట్టుకుని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "మావాడికి లేఆఫ్ అయిందండీ" అనేవాళ్లు ఒక్కరైనా కనిపిస్తున్నారు.

అలా గొంతు తగ్గించుకుని కూర్చోబట్టే మనవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు. మాట కటువుగా ఉంటే మన్నించండి. నేను చాలా ఏళ్లు పేరోల్ విభాగంలో పనిచేశాను. తీసేసినవాళ్ల ఆఖరి జీతం లెక్కలు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చే విచారణ కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్లేవి. మిగతావాళ్ల నిరుద్యోగ భృతి క్లెయిము కాగితం వారం తిరక్కుండా వచ్చేది. మనవాళ్లది నెలకో, నెలన్నరకో వచ్చేది. కొందరిది అసలు వచ్చేదే కాదు. ఎందుకు ఆగారని ఎప్పుడైనా అడిగితే దాదాపు అందరివీ రెండే జవాబులు. "వచ్చే వారమే ఇంకో ఆఫర్ వచ్చేస్తుందనుకున్నానండీ" అని ఒకటి. "గవర్నమెంటు దగ్గర చేయి చాచడమేమిట్రా అని మా నాన్న అన్నారండీ" అని ఇంకొకటి.

ముందు మొదటి జవాబు సంగతి చూద్దాం. చాలా రాష్ట్రాల్లో మీ క్లెయిము మీరు దరఖాస్తు పెట్టిన వారంలోని ఆదివారం నుంచి మొదలవుతుంది. ఉద్యోగం ఎప్పుడు పోయిందన్నది దానికి పట్టదు. గట్టి కారణం చూపిస్తే తప్ప వెనక తేదీ వేయరు. ఆశపడ్డాను, మొహమాటపడ్డాను అంటే అవి గట్టి కారణాలు కావు. కాలిఫోర్నియాలో వారానికి ఇచ్చే గరిష్ఠ మొత్తం 450 డాలర్లు. రెండు నెలలకు కొత్త ఉద్యోగం దొరికిందనుకోండి. మొదటి ఆరు వారాలూ ఊరికే కూర్చున్నవాడు 2,700 డాలర్లు వదిలేసుకున్నట్టే. ఫ్రీమాంట్‌లో అది ఒక నెల అద్దెకు సరిపోవచ్చు.

ఇక చేయి చాచడం గురించి. 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం అమెరికాలో మొట్టమొదటి నిరుద్యోగ బీమా చట్టం చేసింది. దేశమంతా మహా మాంద్యంలో కొట్టుకుపోతున్న రోజులవి. 1935 ఆగస్టులో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టంతో ఇది దేశమంతటికీ వచ్చింది. ఆ చట్టం వెనక కష్టం చాలావరకు ఫ్రాన్సెస్ పెర్కిన్స్‌ది. అప్పటి కార్మికశాఖ మంత్రి ఆవిడే. అమెరికా కేబినెట్‌లో కూర్చున్న మొదటి మహిళ కూడా. వాళ్లు దీన్ని దానధర్మంగా కాకుండా బీమాగా కట్టారు. మిమ్మల్ని ఉద్యోగంలో పెట్టుకున్న ప్రతి కంపెనీ మీ పేరు మీద ఈ నిధికి పన్ను కడుతుంది. ఫెడరల్ పన్ను మీ సంవత్సరం జీతంలో మొదటి 7,000 డాలర్ల మీదే. రాష్ట్రానికి కట్టినదానికి రాయితీ పోను మామూలుగా మిగిలేది మనిషికి 42 డాలర్లు. అసలు బరువు రాష్ట్రం వేసే పన్నుది. న్యూజెర్సీలో ఉన్నవాళ్లయితే పాత పేస్లిప్పు ఒకటి తీసి చూడండి, ఈ పద్దు కింద మీ జీతంలోంచి కూడా చిన్న కోత కనిపిస్తుంది. కారు ఇన్సూరెన్సు ఏళ్ల తరబడి కట్టి, గుద్దుకున్న రోజున క్లెయిము చేయడానికి సిగ్గుపడేవాళ్లు ఎవరైనా ఉంటారా?

ఇక్కడే ఇంకో సంగతి. ఎక్కువమందిని తీసేసి, వాళ్లంతా క్లెయిము చేస్తే ఆ కంపెనీ రాష్ట్రానికి కట్టే పన్ను రేటు పెరుగుతుంది. అందుకే కొన్ని చిన్న కంపెనీలు "రాజీనామా చేసినట్టు రాసిచ్చేయండి, మీ రికార్డు బాగుంటుంది" అని తియ్యగా అడుగుతాయి. రాసివ్వకండి. తమంతట తాము మానేసినవాళ్లకు మామూలుగా భృతి రాదు. తీసేసినవాళ్లకు వస్తుంది. పనిలో లోపం అని తీసేసినా చాలాసార్లు వస్తుంది. కావాలని చేసిన తప్పు, అంటే మిస్కాండక్ట్, అయితేనే చిక్కు.

ఎక్కడ దరఖాస్తు చేయాలి అన్నదాంట్లో చాలామంది తడబడతారు. లెక్క మీరు పనిచేసిన రాష్ట్రానిది, కాపురం ఉన్న రాష్ట్రానిది కాదు. ఎడిసన్‌లో ఇల్లు పెట్టుకుని రోజూ రైలెక్కి మాన్‌హాటన్ వెళ్లినవాళ్లు న్యూయార్క్‌లో పెట్టుకోవాలి. ఇంట్లోంచే పనిచేసినవాళ్లది మాత్రం, కంపెనీ ఎక్కడున్నా, మామూలుగా ఇల్లు ఉన్న రాష్ట్రమే. ఆ రాష్ట్రం ఏదన్నదాన్ని బట్టి మీ అదృష్టం మారిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో గరిష్ఠ మొత్తం వారానికి 1,000 డాలర్లు దాటింది. కాలిఫోర్నియాలో 2005 నుంచీ ఆ 450 దగ్గరే ఆగిపోయింది, అద్దెలు మాత్రం ఆగలేదు. ఫ్లోరిడాలో అయితే వారానికి 275కి మించదు, అదీ నిరుద్యోగం తక్కువగా ఉన్న రోజుల్లో 12 వారాలే. చాలా రాష్ట్రాల్లో 26 వారాలు ఇస్తారు. ఒకే కంపెనీలో, ఒకే జీతానికి, ఒకడు రెడ్‌మండ్‌లో, ఒకడు సన్నీవేల్‌లో, ఒకడు టాంపాలో కూర్చుని పనిచేసి ఒకే రోజు ఉద్యోగం పోగొట్టుకున్నా ముగ్గురి లెక్కా వేరు. ఇది న్యాయమా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రాష్ట్రాల చేతికి వదిలేసిన పథకం ఇలాగే ఉంటుంది.

మొత్తం ఎలా తేలుస్తారంటే, బేస్ పీరియడ్ అని ఒకటి తీస్తారు. పూర్తయిన చివరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగు. మీరు మే నెలలో దరఖాస్తు చేస్తే అంతకు ముందు సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా సంపాదించింది చూస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా కానివాళ్లకు ఇక్కడ దెబ్బ తగలొచ్చు. అలాంటివాళ్లు ప్రత్యామ్నాయ బేస్ పీరియడ్ ఉందా అని తప్పకుండా అడగాలి, చాలా రాష్ట్రాల్లో ఉంది.

మన కన్సల్టెన్సీల లోకంలో ఉన్నవాళ్లకు ఒక మాట. మీరు డబ్ల్యూ-2 మీద, అంటే కంపెనీ జీతం మీద ఉద్యోగిగా, ఉంటేనే ఇదంతా. 1099 మీద కాంట్రాక్టరుగానో, సొంత ఎల్ఎల్‌సీ పెట్టుకుని సీ-టు-సీ మీదో పనిచేసినవాళ్ల పేరు మీద మామూలుగా ఎవరూ ఈ పన్ను కట్టి ఉండరు. గంటకు నాలుగు డాలర్లు ఎక్కువ వస్తుందని అటు మారేటప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో గంట పని. సోషల్ సెక్యూరిటీ నంబరు, గడిచిన 18 నెలల్లో పనిచేసిన కంపెనీల పేర్లు, తేదీలు, జీతం, వర్క్ పర్మిట్ వివరాలు, బ్యాంకు ఖాతా దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాతే అసలు ఓపిక కావాలి. వారం వారం, కొన్నిచోట్ల రెండు వారాలకొకసారి, సర్టిఫై చేయాలి. పనిచేయగలిగిన స్థితిలో ఉన్నారా, పని దొరికితే వెంటనే చేరతారా, ఈ వారం ఎక్కడెక్కడ ప్రయత్నించారు, ఏమైనా సంపాదించారా. ఇవీ ప్రశ్నలు. ఒక్క వారం మర్చిపోతే ఆ వారం డబ్బు ఆగిపోతుంది. ఎక్కడెక్కడ అప్లై చేశారో ఒక నోటు పుస్తకంలోనో, ఎక్సెల్‌లోనో రాసుకోండి, ఎప్పుడైనా అడగొచ్చు. ఊబర్ నడిపినా, డోర్‌డాష్ చేసినా, స్నేహితుడి కొట్లో రెండు రోజులు కూర్చుని వంద తీసుకున్నా చెప్పాలి. డబ్బు చేతికొచ్చిన వారం కాదు, పనిచేసిన వారం లెక్కలో చెప్పాలి. కావాలని దాచినట్టు తేలితే తీసుకున్నదంతా తిరిగి కట్టడమే కాక దాని మీద కనీసం 15 శాతం జరిమానా.

మనవాళ్లు తరచుగా చేసేది ఒకటుంది. "ఎలాగూ ఖాళీయే కదా, ఓ నెల విశాఖపట్నం వెళ్లి అమ్మానాన్నల్ని చూసొస్తా" అని టిక్కెట్టు కొనేస్తారు. వెళ్లండి, కన్నవాళ్లను చూడడానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో. కానీ అక్కడున్న వారాలకు "పనికి సిద్ధంగా ఉన్నాను" అని సర్టిఫై చేయకండి. బీచ్ రోడ్డులో కూర్చుని డాలస్‌లో పనికి సిద్ధంగా ఉన్నానంటే కుదరదు. ఫోనులోంచి లాగిన్ అయితే ఏ దేశం నుంచి వచ్చిందో వాళ్లకు కనిపిస్తుంది.

తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సీవరెన్స్ సొమ్ము వచ్చిందని భృతికి దరఖాస్తు చేయనివాళ్లూ ఉన్నారు. ఇది కూడా రాష్ట్రాన్ని బట్టే. కాలిఫోర్నియాలో సీవరెన్స్ మామూలుగా అడ్డు రాదు. టెక్సాస్‌లో సీవరెన్స్ ఉన్నన్నాళ్లు భృతి వెనక్కి జరుగుతుంది. అయితే కంపెనీ మీద దావా వేయనని సంతకం పెట్టి దానికి బదులుగా తీసుకున్న సొమ్ముకు లెక్క వేరు. న్యూజెర్సీలో పెద్ద కంపెనీ ఒకేసారి ఎక్కువమందిని తీసేస్తే 2023 ఏప్రిల్ నుంచి 90 రోజుల నోటీసు, పనిచేసిన ప్రతి సంవత్సరానికీ ఒక వారం జీతం చట్టప్రకారమే ఇవ్వాలి. అది కంపెనీ దయ కాదు. ఆ సొమ్ము కోసం ఇంకేదో హక్కు వదులుకుంటున్నట్టు సంతకం అడిగితే, పెట్టేముందు ఒక లాయరుకు చూపించండి.

డబ్బు రావడం ఆలస్యమైతే కంగారుపడకండి. ఈ భృతి కార్యాలయాల కంప్యూటర్లు ఎంత పాతవో మనవాళ్లకు చెప్తే నవ్వుకుంటారు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకు క్లెయిములు కుప్పలుగా పడుతుంటే అప్పటి న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ టీవీలో నిలబడి, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు స్వచ్ఛందంగా ముందుకు రండి అని అడగాల్సి వచ్చింది. రాష్ట్రం సొమ్ము పంచే యంత్రం అప్పట్లో నలభై ఏళ్ల నాటి మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచేది మరి. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి వై-టు-కే రోజుల్లో విమానమెక్కినవాళ్లు న్యూజెర్సీలో ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు.

తిరస్కరించారని ఉత్తరం వస్తే దాన్ని డ్రాయర్లో పడేయకండి. అప్పీలుకు గడువు చాలా తక్కువ. టెక్సాస్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 30. విచారణ చాలావరకు ఫోనులోనే జరుగుతుంది. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే దుబాసీ కావాలని ముందే అడగండి, దానికి మీ దగ్గర డబ్బు తీసుకోరు. తీసేసిన ఉత్తరం, మేనేజరుతో నడిచిన మెయిళ్లు ముందే పంపి, అడిగినదానికి సూటిగా చెప్తే చాలు. అలా అప్పీలుకు వెళ్లి గెలిచినవాళ్లను నేను చూశాను.

వచ్చిన భృతి మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఉంది. అప్పటికప్పుడే 10 శాతం పట్టేసుకోమని చెప్పే వీలుంది. రాష్ట్రపు పన్ను మాత్రం కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో, పెన్సిల్వేనియాలో దీని మీద లేదు.

ఇక హెచ్-వన్ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు. ఇందాకటినుంచీ వింటూ, మా సంగతి ఎప్పుడు చెప్తారా అని ఎదురుచూస్తున్నది మీరే అని నాకు తెలుసు. మీ పేరు మీద కూడా కంపెనీ ఈ పన్ను కట్టింది. అయినా చాలా రాష్ట్రాల్లో మీకు భృతి రాదు. పని దొరికితే వెంటనే చేరతారా అన్న ప్రశ్న ఉంది చూడండి, అక్కడ ఆగిపోతుంది. మీరు ఎవరి దగ్గరైనా చేరిపోలేరు, కొత్త కంపెనీ మీకోసం పిటిషన్ వేయాలి. కట్టించుకునేటప్పుడు లేని అడ్డు ఇచ్చేటప్పుడు ఎందుకొచ్చింది అంటే, నాకూ మీలాగే కడుపు మండుతుంది. అయినా వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారని ఏ యజమాని దగ్గరైనా పనిచేసే అనుమతి ఉందని నొక్కేయకండి. ఆ ఒక్క తప్పు జవాబు రేపు మీ గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ దాకా వెంట వస్తుంది.

హెచ్-ఫోర్ డిపెండెంట్ వీసా మీద ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్, ఉన్నవాళ్లది, గ్రీన్ కార్డు దరఖాస్తు మీద ఈఏడీ తీసుకున్నవాళ్లది, గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్లది వేరే దారి. వాళ్లు ఎవరి దగ్గరైనా పనిచేయవచ్చు కాబట్టి, తమ ఉద్యోగం పోతే తమ పేరున దరఖాస్తు చేసుకోవచ్చు. "గ్రీన్ కార్డుకు దెబ్బ తగులుతుందేమో, ప్రభుత్వానికి భారమని, పబ్లిక్ చార్జ్ అంటారేమో" అని ఆగిపోయే అమ్మలు చాలామంది ఉన్నారు. ఇది సంపాదించుకున్న బీమా సొమ్ము, దీన్ని ఇంతవరకు ఆ లెక్కలోకి తీసుకోలేదు.

హెచ్-వన్ వాళ్లకు డబ్బు కంటే ముందు గడియారం ముఖ్యం. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం ముగిశాక దేశంలో ఉండడానికి వరసగా 60 రోజుల దాకా గ్రేస్ ఉంటుంది. దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 అంతకంటే ముందే ముగిసేట్టయితే అంతవరకే. సీవరెన్స్ ఆరు నెలలకు ఇచ్చారు కదా, గ్రేస్ కూడా పెరుగుతుందనుకోకండి, పెరగదు. ఆ రోజుల్లోపల కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే, అది అందిన దగ్గరినుంచి పనిలో చేరవచ్చు. భార్యకో భర్తకో హెచ్-వన్ ఉంటే హెచ్-ఫోర్‌కు మారవచ్చు. ఏదీ కుదరకపోతే బీ-2 విజిటర్ హోదాకి మార్చమని దరఖాస్తు పెట్టి కొంత సమయం సంపాదించుకునేవాళ్లున్నారు, కానీ అందులో ఉంటూ పనిచేయకూడదు. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140కి ఆమోదం వచ్చి 180 రోజులు దాటిపోతే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా దాని ఆధారంగా హెచ్-వన్ పొడిగింపు అడగవచ్చు, మీ ప్రయారిటీ డేటూ పోదు. గడువుకు ముందే తీసేసిన కంపెనీ మీరు స్వదేశానికి వెళ్లే ప్రయాణ ఖర్చు, మీ ఒక్కరిది, ఇవ్వాలని కూడా నిబంధన ఉంది. దాన్ని అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఈ 60 రోజుల్లోనే ఇంకో రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, మేం పేరోల్ రన్ చేస్తాం, పన్నులు మాత్రం నువ్వు కట్టుకో, ప్రాజెక్టు తర్వాత చూద్దాం" అని. మీ డబ్బే మీకు జీతంగా తిప్పి ఇచ్చే ఆట అది. లేని ఉద్యోగాన్ని ఉన్నట్టు చూపించడం మోసం. పట్టుబడిన రోజున అన్న ఫోను ఎత్తడు.

ఆరోగ్య బీమా విషయంలో మన అలవాటు, మొదటి రోజే, పాత కంపెనీ బీమానే కొనసాగించుకునే కోబ్రా ధర చూసి గుండె పట్టుకోవడం. కంపెనీ వాటా కూడా మనమే కట్టాలి కాబట్టి అంత ఉంటుంది. కానీ చేరతారో లేదో చెప్పడానికి 60 రోజులు ఉంది, ఆ లోపల ఒప్పుకుంటే బీమా ఆగిపోయిన రోజు నుంచే, ఆ రోజులకు ప్రీమియం కట్టిన మీదట, వర్తిస్తుంది. నెలలో కొత్త ఉద్యోగం వచ్చి ఎవరికీ జబ్బు చేయకపోతే కట్టే పనే ఉండదు. ఈలోగా రాష్ట్రపు మార్కెట్‌ప్లేస్‌లో ధర చూడండి. ఉద్యోగంతో బీమా పోయినవాళ్లు అందులో చేరడానికి కూడా 60 రోజులే.

ఇంతసేపూ కాగితాల సంగతి చెప్పాను, ఎందుకంటే చేతులతో చేయగలిగింది అదే. ఇల్లు నడపడం అంతకంటే కష్టం. గుంటూరులో అమ్మకు చెప్పాలా వద్దా, తెల్లాపూర్ ఫ్లాటు ఈఎంఐ ఎన్ని నెలలు లాగగలం, పిల్లవాడి కుమాన్ క్లాసు ఆపితే వాడు ఏమనుకుంటాడు. పొద్దున్నే కారు తీసుకుని వెళ్లి లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చుని, ఆఫీసుకు వెళ్లొచ్చినట్టు ఇంటికి వచ్చినవాళ్ల గురించి నేను విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. భార్యాభర్తలు ఉద్యోగం పోయిన రోజు రాత్రే బ్యాంకు పుస్తకాలు ముందేసుకుని కూర్చోండి. పిల్లలకు వాళ్ల వయసుకు తగినట్టు చెప్పండి, వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది. తల్లిదండ్రులకు చెప్పడం మీ ఇష్టం. చాలామంది పెద్దవాళ్లు మనం భయపడినంతగా బెంబేలుపడరు. "తిరిగొచ్చెయ్ నాయనా, ఇల్లుంది" అని వాళ్లంటే కోపం తెచ్చుకోకండి, వాళ్ల దగ్గర ఉన్న సహాయం అదే.

నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, నేను లేకపోతేనే ఇంట్లోవాళ్లకు నయమేమో అనిపించడం మొదలైతే 988 హెల్ప్‌లైన్‌కి ఫోను చేయండి. పగలూ రాత్రీ ఎవరో ఒకరు ఎత్తుతారు. వీసా ఏమిటని అడగరు.

ఉద్యోగం ఉన్నవాళ్లకు కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను. మీ స్నేహితుడికి లేఆఫ్ అయిందని తెలిసినప్పుడు "ఇంకా దొరకలేదా?" అని ప్రతి పార్టీలోనూ అడగకండి. మీ కంపెనీలో ఖాళీలు చూసి రెండు రిఫరల్స్ పెట్టండి, అతని రెజ్యూమె మీ మేనేజరుకు మీ చేతులతో పంపండి. వచ్చే వారం ఇదే సమయానికి చదువు తర్వాత ఓపీటీ పని అనుమతి మీద ఉన్న విద్యార్థుల సంగతి మాట్లాడుకుందాం, వాళ్లకు లెక్క 90 రోజులది. ఈలోపల, డబ్ల్యూ-2 మీద పనిచేసి ఈ వారమే ఉద్యోగం పోయిన ఈఏడీ వాళ్లు, గ్రీన్ కార్డు వాళ్లు, సిటిజన్లు, శనివారం రాత్రిలోగా దరఖాస్తు పెట్టేయండి. ఆదివారం వస్తే చాలా రాష్ట్రాల్లో కొత్త వారం మొదలైపోతుంది.